దసరా తేదీ వేసిన నలభై ఒక్క కార్డులు

మీరు ఇప్పుడు డ్రిల్లు మిషన్ కొంటే డబ్బా మీదున్న గళ్ల చదరానికి ఫోన్ చూపిస్తారు. వారంటీ నమోదైపోతుంది. మధ్యలో మనిషి అవసరం లేదు. మనిషే లేనప్పుడు ఆ మనిషికి పక్క కుర్చీలో కూర్చున్నవాళ్లని చూసి కడుపు మండే ప్రమాదమూ లేదు. ఈ ఒక్క విషయంలో మీరు అదృష్టవంతులు. మా రోజుల్లో ఆ మధ్యలో ఉండే మనిషిని నేనే.

తొంభైల చివర్లో నేను పనిచేసిన కంపెనీ బ్యాటరీతో నడిచే డ్రిల్లులు, స్క్రూలు బిగించే మిషన్లు, ఇళ్లలోకి మిక్సీలు, వాక్యూమ్ క్లీనర్లు అమ్మేది. మాదాపూర్‌లో ఒక హార్డ్‌వేర్ షాపు పైన రెండు గదుల్లో మా సర్వీసు ఆఫీసు ఉండేది. కిటికీ తెరిస్తే బండరాళ్లు, వాటి వెనక రోజుకి కొన్ని అద్దాల చొప్పున తొడుక్కుంటున్న హైటెక్ సిటీ గుండ్రటి భవనం కనిపించేవి. నా పని వినడానికి చిన్నదే. ప్రతి డబ్బాలో ఒక కార్డు ఉంటుంది. కొన్న పదిహేను రోజుల్లోగా దాని మీద పేరు, మిషన్ నంబరు, కొన్న తేదీ రాసి, షాపు ముద్ర వేయించి, బిల్లు నకలు జతచేసి మాకు పంపాలి. నేను సరిచూసి కంప్యూటర్‌లోకి ఎక్కిస్తే ఏడాదిపాటు ఆ మిషన్ బాధ్యత కంపెనీది. ఎక్కించకపోతే కొన్నవాడి ఖర్మ.

అప్పటికి పన్నెండేళ్లుగా చేస్తున్నాను ఆ పని. తెనాలి దగ్గర నుంచి వచ్చి, కోఠీలో మా పాత ఆఫీసులో మొదలుపెట్టి, దానితోపాటే మాదాపూర్ చేరాను. వారంటీ కార్డు చదవడంలో హైదరాబాదు మొత్తం మీద నన్ను మించినవాడు లేడని నా గట్టి నమ్మకం. ఆ పోటీలో ఇంకెవరూ లేరన్న సంగతి నాకు తట్టలేదు. ఆమె వచ్చాక తట్టింది.

ఆమెది బోరబండ. తండ్రి వడ్రంగి మేస్త్రీ, అప్పటికే కాలం చేశాడు. డిగ్రీ చదివి, టైపు నేర్చుకుని, పాతికేళ్ల వయసులో నా పక్క కౌంటరులోకి వచ్చి కూర్చుంది. మొదటి వారం నన్ను చూసి పని నేర్చుకుంది. రెండో నెలకల్లా నా కౌంటరు ముందు ఈగలు, ఆమె కౌంటరు ముందు వరస. నేను ఖాళీగా ఉన్నానని చెయ్యి ఊపి పిలిచినా వచ్చేవాళ్లు కాదు. ఒక పెద్ద మేస్త్రీ అయితే నా వైపు చూసి నవ్వుతూ, “ఉండనియ్ సారూ, మా బిడ్డ ఉన్నది కద, ఆమెతోని రాయించుకుంట” అన్నాడు. తన వంతు కోసం అరగంట నిలబడ్డాడు. ఆ అరగంటా నేను పెన్సిలు చెక్కుకుంటూ కూర్చున్నాను.

ఆమె చేసేది నాకు అర్థమయ్యేది కాదు. కార్డు తీసుకుని ముందు మనిషితో మాట్లాడేది. “కాకా, చెయ్యికేమైంది? దవాఖానకు పోయినవా?” అని అడిగి, ఆ తర్వాత మిషన్ నంబరు అడిగేది. మధ్యాహ్నం టిఫిన్ డబ్బా మూసి, కార్డుల కట్ట చేతిలో పట్టుకుని, ఆ గుండ్రటి భవనంలో పనిచేస్తున్న వడ్రంగుల దగ్గరికి నడిచి వెళ్లి అక్కడే రాయించుకొచ్చేది. నేను పన్నెండేళ్లలో ఒక్కసారి కూడా కుర్చీ దిగి కార్డు కోసం వెళ్లలేదు. కార్డే నా దగ్గరికి రావాలని నా సిద్ధాంతం.

నా కుళ్ళు ఎంతవరకూ వెళ్లిందో దాచకుండా చెబుతాను. ఫోన్ మోగి, “ఆ మేడం ఉన్నదా?” అని ఎవరైనా అడిగితే, ఆమె ఎదురుగానే ఉన్నా, “లేరండీ, సెలవు” అనేవాణ్ణి. ఆమెకి సకినాలు తెచ్చి ఇచ్చేవాళ్లు. ఆమె ముందు నాకే పెట్టేది. పళ్లు బాగాలేవని చెప్పి తినేవాణ్ణి కాదు. ఇంటికెళ్లాక, ఎందుకు తినలేదా అని మళ్లీ నా మీద నాకే కోపం వచ్చేది.

ఆ భవనం తయారవుతుండగా మేనేజరు గారు మా ఇద్దరినీ పిలిచారు. అందులో మా కంపెనీ ఒక కస్టమర్ సెంటర్ తెరుస్తోంది. ఏసీ గది, కొత్త కంప్యూటర్, రిజిస్ట్రేషన్ ఆఫీసర్ అనే హోదా. కుర్చీ ఒక్కటే.

“ఎవరన్నది దసరా అయ్యాక చెబుతాను. మీకు ఫైళ్లు అలవాటండీ, ఆ అమ్మాయికి జనం అలవాటు. ఆలోచించాలి” అన్నారు ఆయన.

దాంట్లో ఆలోచించడానికేముంది? ఆమె పేరే రాసినట్టు అప్పుడే ఆయన మొహం మీద కనబడింది. ఆ కుర్చీ నాకు దక్కకపోతే, నా తర్వాత పదేళ్లకు పని నేర్చుకున్న పిల్ల కింద మిగతా సర్వీసంతా గడపాలి.

అది తొంభై ఎనిమిది. ఆ భవనంలో గోడలకి ఇంకా కరెంటు రాలేదు. పైకప్పు చట్రాలు బిగించే పని మాత్రం ఆగకూడదు. బ్యాటరీ డ్రిల్లు ఉన్నవాడికే పని అన్నాడు కాంట్రాక్టరు. దాంతో బోరబండ వడ్రంగులు నలభై ఒక్కమంది సొంతంగా మా డ్రిల్లులు కొనుక్కున్నారు. కొనడమైతే భాద్రపదంలో, మహాలయ పక్షాల మొదట్లోనే కొన్నారు. పెద్దలకి పెట్టుకునే ఆ పదిహేను రోజుల్లో కొత్త పనిముట్టు ఎవరు మొదలుపెడతారు? డబ్బాకి వేసిన టేపు కూడా తీయకుండా ఇంట్లో పెట్టుకుని, పాత మిషన్లు కిరాయికి తెచ్చుకుని పని నడిపారు. దసరా రోజున డబ్బాలు విప్పి, పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, చెక్కముక్కలో ఒక్క రంధ్రం వేసి శుభమనుకున్నారు.

దసరా వెళ్లిన నాలుగో రోజున ఆమె కార్డుల కట్ట నా బల్ల మీద పెట్టింది.

“సార్, జర చూడుండ్రి. నలభై ఒక్కటున్నయ్. పై ఆఫీసుకు పంపాలె.”

చూశాను. అన్నీ ఆమె దస్తూరీయే. అన్నింటి మీదా కొన్న తేదీ ఒకటే, విజయదశమి. వెనక జతచేసిన బిల్లుల మీద మాత్రం ఇరవై రోజుల ముందటి తేదీలు.

“తేదీ మీరే వేశారా?” అని అడిగాను.

“వాళ్లు చెప్పిందే రాసిన సార్. ఎప్పుడు తీసుకున్నరంటే అందరు దసరాకే అన్నరు. డబ్బ ఇప్పిన దినమే కద సార్ మనది అయ్యేది. మా ఇంట్ల గూడ గట్లనే.”

ఇక్కడ మీకు ఒక సంగతి చెప్పాలి. ఇలాంటి కార్డులు నాకు కొత్త కాదు. ప్రతి దసరాకీ పనిముట్ల కార్డులు, ప్రతి శ్రావణంలో మిక్సీల కార్డులు ఇలాగే వచ్చేవి. ఆషాఢంలో కొని, శ్రావణ శుక్రవారం విప్పి, విప్పిన తేదీ రాసేవాళ్లు. మా ఇంట్లో మిక్సీ కార్డు మీద నా చేత్తో నేనే అలా రాశాను. దానికి ఒక మార్గం ఉంది. షాపువాడికి ఫోన్ చేసి, ‘సీలు వేసిన డబ్బానే ఇచ్చాము, కొన్నవారు ఫలానా రోజు తెరిచారు’ అని రెండు వాక్యాల ఉత్తరం తెప్పించి కార్డుకి గుచ్చితే, పై ఆఫీసు తెరిచిన తేదీనే ఒప్పుకునేది. ఎక్కడా రాసిలేని పద్ధతి. పాతవాళ్లకి మాత్రమే తెలుసు. పాతవాళ్లలో మిగిలింది నేనొక్కణ్ణే.

చెప్పడానికి అర నిమిషం పడుతుంది. ఆమె నా ఎదురుగా నిలబడి, పెన్ను మూత పళ్ల మధ్య పెట్టుకుని ఎదురుచూస్తోంది.

“బాగానే ఉన్నాయి. పంపించండి” అన్నాను.

“థాంక్స్ సార్” అని కట్ట తీసుకుని వెళ్లిపోయింది.

మా పై ఆఫీసు సింగపూర్‌లో. మూడు వారాలకి అక్కడ కొత్తగా చేరిన ఆడిట్ అధికారి నుంచి ఫ్యాక్స్ వచ్చింది. పండగ సెలవు రోజున, దుకాణాలు మూసి ఉండగా, నలభై ఒక్క మిషన్లు ఒకే చేతిరాతతో ఎలా అమ్ముడుపోయాయి? గడువు దాటిన కార్డులకి దొంగ తేదీ వేశారని ఆయన నిర్ణయం. నలభై ఒక్కటీ రద్దు. మేనేజరు గారు ఆమె తరఫున గట్టిగానే రాశారు, ఇది ఇక్కడి జనం అలవాటని. ఆయన మా ఊరికి కొత్త, రుజువు చూపించలేకపోయారు. దాంతో రెండో ఫ్యాక్స్ నేరుగా నా పేరున వచ్చింది. పన్నెండేళ్ల అనుభవం ఉన్నవారు కాబట్టి మిమ్మల్ని అడుగుతున్నాను, డబ్బా తెరిచిన రోజునే కొన్న రోజుగా రాసే అలవాటు మీ ప్రాంతంలో ఉందా, మీ ఆఫీసు ఇంతకుముందు అలాంటివి ఒప్పుకుందా అని.

షాపువాళ్ల పాత ఉత్తరాల నకళ్లన్నీ నా వెనక ఇనప బీరువాలో ఉన్నాయి. తాళంచెవి నా జేబులో ఉంది. ‘అలాంటి అలవాటు నా దృష్టికి రాలేదు’ అని ఒక్క వాక్యం రాసి, సంతకం పెట్టి పంపాను. ఎందుకు రాశావని ఇప్పుడు మీరు అడిగితే పెద్ద కారణం చెప్పలేను. ఆ పొద్దున ఆమె కౌంటరు దగ్గర ఎవరో పెద్దావిడ ఆమె తల నిమిరి వెళ్లింది. నా తల ఎవరూ నిమరలేదు. అంతే.

ఆమెను జీడిమెట్ల గోడౌనుకి బదిలీ చేశారు, వచ్చిన డబ్బాల మీద నంబర్లు రాసుకునే పనికి. వెళ్లేముందు నా దగ్గరికి వచ్చి, “మీరు గూడ రాసిండ్రంట కద సార్. నా కోసం పరేషానైతిరి” అంది. నేనేం రాశానో ఆమెకి తెలియదు. తనకి మద్దతుగా రాశాననుకుంది. నేను బల్ల మీది కార్డులు సర్దుకుంటూ కూర్చున్నాను.

అద్దాల భవనంలో కుర్చీ నాకే వచ్చింది. ఆ కుర్చీ గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. తిరిగేది. ఏసీకి నా మెడ పట్టేసింది. ఫోన్లు మాత్రం అవే వచ్చేవి. “ఆ మేడం లేదా? అయితే మళ్ల చేస్త” అని పెట్టేసేవాళ్లు. ఆమె ఎప్పుడొస్తుందని అడగని రోజు లేదు. కుర్చీ నాది, పేరు ఆమెది. గోడౌనులో కూర్చున్న మనిషి మీద నాకు మునుపటికంటే ఎక్కువ కుళ్ళు పట్టుకుంది. మామూలు మనుషులకి గెలిచాక చల్లారుతుందంటారు. నాకది కూడా జరగలేదు.

ఎండాకాలం వచ్చింది. ఆ బ్యాచ్ బ్యాటరీల్లో ఏదో లోపం, ఎండకి ఒకటొకటిగా చచ్చిపోయాయి. ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం కింద గేటు నుంచి ఫోన్. ఎవరో పనివాళ్లు గోనెసంచులతో వచ్చారు, లోపలికి పంపమంటారా అని. ఆ భవనం పైకప్పు బిగించినవాళ్లే, ఇప్పుడు వాళ్లకి లోపలికి పాసు లేదు. నేనే దిగి వెళ్లాను. ముందు ఆ పెద్ద మేస్త్రీ, వెనక పదిమంది, నేల మీద సంచుల్లో ఇరవై ఆరు డ్రిల్లులు.

“నమస్తె సారూ. బ్యాటరీలు పట్టుకుంటలేవు. చార్జింగ్ పెడితె పది నిమిషాలకే బంద్ అయితున్నయ్. మిషన్ లేదంటె పనికి రావొద్దంటుండు కాంట్రాక్టరు. పన్నెండు దినాలాయె ఇంట్లనే కూసుండి.”

“మీ కార్డులు రద్దయ్యాయండీ. కంపెనీ మార్చదు” అన్నాను.

వాళ్లు తిడతారనుకున్నాను. తిడితే పైకి వెళ్లిపోదామని సిద్ధంగా ఉన్నాను. మేస్త్రీ నెమ్మదిగా తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

“రద్దయినయని మా బిడ్డ చెప్పింది సారూ. నిన్న జీడిమెట్ల పోయి కలిసినం. ఆమెనే చెప్పింది, ఆ సారు దగ్గరికి పోండ్రి, కార్డుల సంగతి ఆయనకు ఎర్క ఉన్నట్టు ఇంకెవ్వలికి ఎర్క లేదు, ఏదో ఒక తొవ్వ చూపిస్తడు, ఫికర్ చెయ్యకుండ్రి అన్నది. గందుకే వచ్చినం.”

మీరు అనుకుంటున్నారు, ఇక్కడ నా మనసు కరిగిందని. లేదు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నా దగ్గరికి రమ్మని కూడా వాళ్లకి ఆమే చెప్పాలా? పన్నెండేళ్ల నా అనుభవాన్ని కూడా ఆమె నోటితో వింటే తప్ప నమ్మరా? పదకొండు మంది ఎండలో నిలబడి నా మొహం చూస్తున్నారు, ఆమె ఇచ్చిన మాట మీద. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, వీళ్లు ‘ఆ సారే చేశాడు’ అనాలి. నాకు ఆ మాట కావాలి. ఆ కసితోనే పైకి వెళ్లాను.

బీరువా నాతోపాటే కొత్త ఆఫీసుకి వచ్చింది. తాళం తీసి పాత ఉత్తరాలు ఒక్కొక్కటీ బయటపెట్టాను. ఆడిట్ అధికారికి మళ్లీ రాశాను. ఆ అలవాటు ఉంది. మొదటి నుంచీ నాకు తెలుసు. తెలిసే లేదని రాశాను. నకళ్లు జతచేస్తున్నాను. కార్డులు నాకు చూపించినప్పుడు ఆపగలిగీ ఆపలేదు. అక్కడ తప్పు ఆమెది కాదు. టైపు చేస్తూ మూడుసార్లు తప్పు కొట్టి మళ్లీ మొదలుపెట్టాను, ఆ తడబాటు పశ్చాత్తాపం వల్ల అని చెప్పుకుంటే బాగుంటుంది. కుర్చీ పోతుందన్న భయం అది.

నెల తిరక్కుండా నలభై ఒక్క కార్డులూ బతికాయి. కొత్త బ్యాటరీలు వచ్చాయి. నన్ను జీడిమెట్లకి, ఆమెను అద్దాల భవనానికి మార్చారు. ఉద్యోగం తీసెయ్యకపోవడం మేనేజరు గారి మంచితనం. వడ్రంగులు మాత్రం ఏమన్నారో తెలుసా? మా బిడ్డ కొట్లాడి తెచ్చింది అన్నారు. ఆ సారే రాసిండని ఆమె ఎంత చెప్పినా వినలేదట. నీ మంచితనం కొద్ది చెప్తున్నవు బిడ్డా అన్నారట. ఈ ముక్క విన్న రోజు గోడౌనులో కూర్చుని చాలాసేపు నాలో నేను నవ్వుకున్నాను, కోపంగానే.

జూన్ చివర్లో ఒక శనివారం ఆమె గోడౌనుకి వచ్చింది. పక్క ఫ్యాక్టరీ మందుల వాసనకి కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, డబ్బాల మధ్యలోంచి నడిచొచ్చి, నా ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చుంది.

“ఆ దినం కార్డులు చూపిచ్చినప్పుడు మీకు ఎర్కనే ఉండె కదా సార్?”

“తెలుసు” అన్నాను.

ఏడుస్తుందనుకున్నాను, లేకపోతే లేచి వెళ్లిపోతుందనుకున్నాను. ఆమె సంచిలోంచి నోటుబుక్కు తీసి, పెన్ను మూత పళ్లతో లాగింది.

“ఇంక ఏమేం చెప్పలేదు సార్ నాకు? ఒక్కొక్కటి చెప్పుండ్రి. నేను రాసుకుంట.”

అడిగిన తీరులో కోపం లేదు, బతిమాలడం లేదు. పని తెలిసిన మనిషి పని అడిగినట్టు అడిగింది. చెప్పక తప్పలేదు. నంబరు పలక మీద పసుపు గట్టిపడిపోతే నీళ్లతో తుడిస్తే అంకెలు పోతాయి, కొబ్బరినూనెతో తుడవాలి. పెళ్లికి కానుకగా ఇచ్చిన మిక్సీకి కార్డు ఇచ్చినవాళ్ల పేరున ఉంటుంది, రిపేరుకి పెళ్లికూతురు వస్తుంది, కాబట్టి పేరుతో కాకుండా నంబరుతో వెతకాలి. అత్త పేరున కార్డు ఉన్న ఇంట్లో ఫిర్యాదు కోడలి పేరున వస్తుంది, చిరునామా చూడాలి. షాపు ముద్ర తలకిందులుగా ఉంటే అది షాపు కుర్రాడు కాక యజమానే వేశాడని అర్థం, వాడికి తేదీ చూసే అలవాటు ఉండదు. సెలవు తేదీ కనబడితే షాపువాడి ఉత్తరం. ఒకటి చెబుతుంటే ఇంకొకటి గుర్తొచ్చింది. ప్రతి ముక్కా నా జేబులోంచి తీసి ఇస్తున్నట్టే ఉంది. ఆమె తలెత్తకుండా రాస్తూనే ఉంది. మధ్యలో టీ వచ్చింది, చల్లారిపోయింది. గోడౌను మూసే వేళయ్యింది.

“ఇగ అంతేనా సార్?”

“అంతే” అన్నాను.

అంతే కాదు. ఇంకొకటి ఉంది. పై ఆఫీసు రద్దు చేసిన కార్డుని ముప్పై రోజుల్లోగా ఒక సవరణ చీటీ జతచేసి తిరిగి పంపొచ్చు, ఎవరి సంజాయిషీ అక్కర్లేకుండా దాన్ని మళ్లీ చూస్తారు. పాత సర్క్యులర్ ఒకటి చెబుతుంది ఆ మాట, అది నా సొరుగులోనే ఉండేది. అంటే నేను కార్డులు బాగున్నాయని పంపించాక కూడా, ఫ్యాక్స్ వచ్చాక కూడా, ముప్పై రోజులపాటు రోజూ నాకు అవకాశం ఉంది. ఆమె సామాన్లు సర్దుకుంటున్న రోజున కూడా ఇంకా తొమ్మిది రోజులు మిగిలి ఉన్నాయి. అది చెబితే నేను ఒక్క గడియ తప్పు చేసినవాణ్ణి కాను, నెలరోజులు తప్పు చేసినవాణ్ణి. అందుకని దాచుకున్నాను.

ఆదివారమంతా ఇంట్లో అందరి మీదా విసుక్కున్నాను. సోమవారం గోడౌను తెరవగానే ఫోన్ అందుకున్నాను. అద్దాల భవనంలో ఆమే ఎత్తింది.

“శనివారం ఒకటి చెప్పలేదు” అని మొదలుపెట్టి, సవరణ చీటీ సంగతి మొత్తం చెప్పాను. ఏ సొరుగులో ఆ సర్క్యులర్ ఉందో కూడా చెప్పాను.

అవతల క్యాలెండరు కాగితాలు తిప్పుతున్న చప్పుడు. లెక్కపెట్టుకుంటోందని నాకు తెలుస్తూనే ఉంది.

“ముప్పై దినాలా?” అంది.

“ముప్పై.”

వెనక ఎవరో కస్టమరు ఆమెను పిలుస్తున్నారు.

“రాసుకున్న” అంది. రెండేళ్లలో ఆ మనిషి నాతో ‘సార్’ అనకుండా ఒక్కసారీ మాట్లాడలేదు. ఆ రోజు మాట్లాడింది. ఫోన్ పెట్టేశాక కూడా నేను కొంచెంసేపు రిసీవరు చెవి దగ్గరే పట్టుకుని ఉన్నాను, అలవాటు కొద్దీ ఆ మాట ఇంకా వస్తుందేమోనని.